సంత, పెరడు, తిరునాళ్ళు: ఒక పొదుపరి యింటి వారము

దక్షిణదేశమున స్థిరపడిన తెలుగువారి చరిత్ర అనగానే మనకు మొదట స్ఫురించునవి తిరుమల నాయకుని మహలు, పుదుమండపము, వండియూరు తెప్పకొలను. ఇవి మనకు గర్వకారణములే. కాని మహలులో నివసించిన తెలుగువారు కొలదిమంది. పూరిండ్లలోను పెంకుటిండ్లలోను కాపురమున్నవారు వేనవేలు. వారేమి పండించుకొనిరి, ఏమి కొనిరి, ఏమి తినిరి, తిరునాళ్ళకు పోయినపుడు ఏమి రుచి చూచిరి అను సంగతులు శాసనములకు ఎక్కలేదు. వానిని తెలిసికొనవలయునన్న మన యిండ్ల అటుకలపైనున్న పాత పద్దుల పుస్తకములే మనకు శాసనములు.

అట్టి పుస్తకమొకటి నాయొద్ద కలదు. అది మా అవ్వ వ్రాసినది. మాది మదురకు దక్షిణమున, తిరుమంగళము పోవు దారికి ప్రక్కగానున్న నల్లరేగడి పల్లె. పుస్తకము 1957వ సంవత్సరపు చిత్తిరై మాసము నాటిది. నాకప్పుడు ఎనిమిదేండ్లు.

ఆ పుస్తకము విప్పినవారికి మొదట కలుగునది ఆశ్చర్యము. అందలి అక్షరములు తమిళము. మాటలలో సగము తెలుగు. అవ్వకు తెలుగు లిపి రాదు. చిన్ననాట వీథిబడిలో ఆమె దిద్దినవి తమిళాక్షరములే. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. త, ద లకు ఒకటే. ప, బ లకు ఒకటే. కనుక ఆమె వ్రాసిన ‘బీరకాయ’ను పరాయివాడు ‘పీరగాయ’ అని చదువును. ‘దోసకాయ’ను ‘తోసగాయ’ అనును. ‘గోంగూర’ను ‘కోంగూర’ అనును. మాయింటివారు మాత్రము తడుముకొనక చదువుచుండిరి. ఏలయన ఆ మాట అదివఱకే వారి చెవిలో నుండెను. మాట యింటిలో వినబడుచున్నంతకాలమే ఆ వ్రాత చదువుటకు వీలగును. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఈ యొక్క సంగతియే. దానిని ఆ పుస్తకములోని ఒక వారపు పద్దును ఆధారముగా గొని చెప్పెదను.

మన పూర్వులు ఈ సీమకు ఒక్కసారిగా వచ్చినవారు కారు. పదునాలుగవ శతాబ్ది ఉత్తరార్ధమున విజయనగర రాజకుమారుడు కంపన మదురను జయించిన నాటినుండి ఈ రాక ఆరంభమైనది. 1529లో విశ్వనాథ నాయకుడు మదుర రాజ్యమునకు అధిపతియైన పిదప అది ప్రవాహమైనది. 1736లో రాణి మీనాక్షితో ఆ రాజ్యము ముగిసినను వచ్చినవారు మాత్రము నిలిచిరి. సైనికులు, పాళెగాండ్రు, బలిజవర్తకులు, నేతవారు, కాపుదనము చేయువారు, ఇట్లు పలువిధములవారు వచ్చిరి. వ్యవసాయము చేయువారు ప్రత్తి పండు నల్లనేలను వెదకికొని తిరుమంగళము, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములందును, పడమట కోయంబత్తూరు సీమయందును స్థిరపడిరి. కోయంబత్తూరు నగరమున తెలుంగుపాళయము అను పేట నేటికిని ఆ సంగతిని చెప్పుచున్నది.

మదుర ఆస్థానము తెలుగునకు చేసిన మేలులలో ఒకటి వచనము. విజయరంగ చొక్కనాథుని కాలమున సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతమును వచనముగా రచించెను. పద్యమునకే పట్టము కట్టిన కాలమున వచనమునకు గౌరవము చేసినది మన మదుర. మా అవ్వ పద్దు ఆ కోవకు చెందినదని నేననను. కాని అదియు మదుర సీమలో పుట్టిన తెలుగు వచనమే.

సంత

మా ప్రక్కయూరిలో శుక్రవారము సంత. అవ్వ తలపై గంపతో ముందు నడువగా నేను నూనెసిద్దె పట్టుకొని వెనుక నడచుచుంటిని. ఆమెకు ఒక నియమముండెను. పెరట దొరకునది సంతలో కొనరాదు; సంవత్సరమునకు ఒకసారి కొనవలసినది వారమువారము కొనరాదు. చింతపండు, ఎండుమిరపకాయలు, ఉలవలు కోతల కాలముననే కొని కుండలలో చేర్చెడిది. కనుక వారపు పద్దు చాల చిన్నది. ఉప్పు ఒక పడి, కందిపప్పు ఒక పడి, బియ్యము రెండు పడులు, నువ్వులనూనె నాలుగు ఆళాక్కులు, కరుప్పట్టి అర వీసె, మిరియములు రెండు పలములు, ఆవాలు ఒక పలము, మెంతులు ఒక పలము, కొంచెము ఇంగువ, తమలపాకులు. ఇంతే. ఏడుగురు తిను ఇల్లది.

ధరలను నేనిక్కడ వ్రాయను. ఆనాటి ధరలు చెప్పిన నేటి పిల్లలు కథ యనుకొందురు. కొలతలు మాత్రము గమనింపదగినవి. తూకమున 40 పలములు ఒక వీసె, 8 వీసెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. వీసె యనగా 120 తులములు, నేటి లెక్కకు సుమారు 1,400 గ్రాములు. ఈ పేర్లు తమిళులకును మనకును ఇంచుమించుగా ఒక్కటే. మనము వీసె యన్నచో వారు వీసై యందురు. మనము మణుగు అన్నచో వారు మణంగు అందురు. ధాన్యపు కొలతలయందు మాత్రము దారులు వేరు. సంతలో పడి, పడికి ఎనిమిది ఆళాక్కులు. ఇంటిలో మానిక, మానికకు నాలుగు సోలలు, సోలకు నాలుగు గిద్దెలు. అవ్వయొద్ద ఇనుప పడియు ఉండెను, ఇత్తడి సోలయు ఉండెను. సంతనుండి తెచ్చినదానిని పడితో సరిచూచి, వంటకు సోలతో కొలిచి పోసెడిది. ఇంటి గడప దాటినంతనే కొలత మారెడిది.

కొలత మారినట్లే పేరును మారెడిది. నేను పైన తెలుగున వ్రాసితినిగాని పద్దులో మిరియములు ‘మిళగు’, ఆవాలు ‘కడుగు’, మెంతులు ‘వెందయం’, ఇంగువ ‘పెరుంగాయం’, నువ్వులనూనె ‘నల్లెణ్ణై’. అవ్వకు ఈ వస్తువుల తెలుగుపేర్లు తెలియక కాదు. కొట్టువాడు ఏ పేరుతో అమ్మెనో ఆ పేరుతో వ్రాసికొన్నగాని రేపు లెక్క సరిపడదు. కొన్నదానికి అమ్మినవాని పేరే నిలుచును. ఇది వర్తకధర్మము, ఇందు ఎవరి తప్పును లేదు.

ఈ పేర్ల విషయమున ఒక చిక్కు చెప్పెదను. తమిళమున చోళము అనగా జొన్న. ఉత్తరాంధ్రమున చోళ్ళు అనగా రాగులు. విశాఖపట్టణపు ప్రాంతమునుండి వచ్చిన చుట్టమొకరు మా సంతలో చోళము కావలెనని అడిగి, జొన్నలు కొలిచి పోయుచుండగా తన్ను మోసగించుచున్నారని కొట్టువానితో వాదమునకు దిగిరి. అవ్వ మధ్యకు వచ్చి, ‘నాయనా, వాడు తప్పు పోయలేదు, నీవు తప్పు అడగలేదు’ అని సర్దిచెప్పెను.

బియ్యము రెండు పడులే యేమని పాఠకులు సందేహింపవచ్చును. ఆ కాలమున మెట్టసీమ యిండ్లలో వరియన్నము ప్రతిదినపు భోజనము కాదు. సజ్జ, జొన్న, రాగి యను మూడును మా పొలమున పండునవి. పగలు సజ్జసంగటియు, ప్రొద్దుట రాగి అంబలియు వాడుక. శనివారమును, పండుగయు, చుట్టము వచ్చిన దినమును అన్నము. పైగా రెండవ ప్రపంచయుద్ధ కాలపు రేషను చీట్లు అవ్వ మనస్సునుండి ఇంకను మాయలేదు. 1952లో రాజాజీగారు ఆహారధాన్యముల నియంత్రణను ఎత్తివేసి ఐదేండ్లయినను, ఆమె గింజ క్రిందపడనిచ్చెడిది కాదు.

ఆ యేటనే మరియొక వింత వచ్చెను. 1957 ఏప్రిలు 1వ తేదీన నయాపైసలు చెలామణిలోనికి వచ్చెను. అణాకు ఆరున్నొక పాతిక నయాపైసలు. పాతిక నయాపైస లేదు గనుక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక వేసిరి. సంతలో అందరును గొణుగుచుండగా అవ్వ మాత్రము వ్రేళ్ళు మడిచి లెక్క చూచెను. నాలుగణాల సరుకు ఒక్కసారి కొన్నచో 25 పైసలు. అణా సరుకు నాలుగుసార్లు కొన్నచో 24 పైసలే. నాటినుండి ఆమె ఒకే కొట్టునకు నాలుగుసార్లు తిరిగెడిది. ఆ మిగిలిన నయాపైసలను వేరుగా ఒక కొబ్బరిచిప్పలో వేసెడిది. ఆ చిప్ప సంగతి మరల వచ్చును.

పెరడు

పుస్తకమున ప్రతి పుటకును నడుమ ఒక నిలువుగీత కలదు. ఎడమప్రక్క కొన్నవి. కుడిప్రక్క శీర్షిక ‘కొననివి’. డబ్బు పోనిదానికి పద్దేమిటని మా తాత నవ్వెడివాడు. ‘కొనక మిగిలినది సంపాదన కాదా?’ అని అవ్వ సమాధానము.

చిత్తిరై యనగా నడివేసవి. చూచువారికి పెరట ఏమియు లేనట్లే యుండును. కాని ఆ వారపు కుడిప్రక్క పద్దు చూడుడు. శుక్రవారము మునగకాయల పులుసు. శనివారము గుమ్మడికాయ కూర. ఆదివారము చింతచిగురు పప్పు. సోమవారము ఎండుచిక్కుడు గింజల గుగ్గిళ్ళు. మంగళవారము బీరకాయ కూర, బీరపొట్టు పచ్చడి. బుధవారము గోంగూర. గురువారము మునగాకు, ఉలవచారు. ఒక్క దినమైనను కూర కొరకు కాసు ఖర్చు లేదు.

ఇది ఊరక జరిగినది కాదు. అంట్లు తోమిన నీరు అరటిమొదలుకు, బియ్యము కడిగిన నీరు కరివేపమొక్కకు, స్నానపు నీరు బీరపాదుకు పారునట్లు అవ్వ కాలువలు తీసియుండెను. కుడితి గేదెకు, పేడ ఎరువునకు, ఎండిన మునగకొమ్మ పొయ్యిలోనికి. మాఘమాసపు చిక్కుళ్ళలో తినగా మిగిలినవానిని ఎండబెట్టి బూడిదతో కలిపి కుండలో పెట్టెను గనుకనే సోమవారము గుగ్గిళ్ళు వచ్చినవి. ఎండలు ముదిరినవి గనుక చాపలపై వడియములు, చల్లలో నానిన ఊరమిరపకాయలు. ఎండకూడ ఆమెకు ఒక పంటయే.

ఈ కుడిప్రక్క పద్దులో ఒక్క తమిళపదము లేదు. ఇంటి ముందరి వీథిలో మునగాకు ‘మురుంగైక్కీరై’, పెరటిలో మునగాకే. వీథిలో చిక్కుడు ‘అవరై’, బీర ‘పీర్కు’, గోంగూర ‘పుళిచ్చకీరై’, చల్ల ‘మోరు’. పెరటినుండి వంటయింటికి, వంటయింటినుండి విస్తరికి వచ్చు దారిలో ఆ పేర్లకు ప్రవేశము లేకుండెను. ఎవరును నిషేధింపలేదు, ఆ దారిలో అమ్మువాడు లేడు, అంతే. విత్తు నాటినది అత్త, నీరు పోసినది కోడలు, కోసినది మనుమరాలు. ముగ్గురును ఒకే మాట పలికిరి.

మన భాష ఈ సీమలో ఇన్ని శతాబ్దములు ఎట్లు నిలిచినదని పెద్దలు పలుమారు ప్రశ్నించుచుందురు. రాజులు పోయిరి; ఆస్థానకవులు పోయిరి; చాల యిండ్లలో లిపియు పోయినది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడినపుడు మేము ఆ రాష్ట్రమునకు వెలుపలనే యుంటిమి. ఐనను మాట నిలిచినది. నా యెఱుకలో అది నిలిచినచోట్లలో మొదటిది పెరడు. దానికి రాజాశ్రయము అక్కరలేదు. కడిగిన నీరు చాలును.

తిరునాళ్ళు

ఆ వారపు చివర చిత్తిరై తిరునాళ్ళు. మీనాక్షీ కల్యాణమును, తేరును చూచి, పూర్ణిమనాడు అళగరు వైగైనదిలో దిగు ఉత్సవమును సేవించుటకు ఊరివారందరును బండ్లు కట్టిరి.

ఈ రెండు ఉత్సవములును పూర్వము వేరువేరుగా జరుగుచుండెననియు, కల్యాణము మాసి మాసమున జరుగుచుండగా తిరుమల నాయకుడు (1623–1659) దానిని చిత్తిరైకి మార్చి అళగరు ఉత్సవముతో జతచేసెననియు మదురలో చెప్పుకొందురు. తేరు తిరుగు వీథులకు మాసివీథులను పేరు నేటికిని నిలిచియుండుట దానికి గురుతుగా చూపుదురు. మాసిలో రైతునకు కోతల పని; చిత్తిరైలో గింజ యింటికి చేరి, ఎద్దులు తీరికగా నుండును. కనుక పల్లెలవారందరును బండ్లతో రాగలరు. ఈ మార్పునకు కారణము ఇదియేయని పెద్దల వాడుక. అది నిజమైనచో తిరుమల నాయకుడు కట్టించిన మండపములకంటె రైతు తీరికను గుర్తించిన ఈ బుద్ధియే గొప్పదని నా యభిప్రాయము.

అవ్వ తిరునాళ్ళకు పోయినను పొదుపు మరువలేదు. రెండు దినములకు చాలునట్లు చింతపండు పులుసన్నము కలిపి అరటాకులలో మూట గట్టెను. నూనెయు పులుపును సమముగా పట్టిన అన్నము చెడదు. వైగై యిసుకలో బండి విప్పి, ఎద్దులకు గడ్డివేసి, ఆ మూట విప్పితిమి. చుట్టును వేలకొలది బండ్లు. ఒక బండిలో తమిళము, ఒక బండిలో తెలుగు, ప్రక్కన మదుర నేతవారి సౌరాష్ట్రము. ఎవరి కూడు వారు తినిరి. ఊరగాయలు మాత్రము బండినుండి బండికి పోయినవి.

భక్తులు చెంబునిండ చక్కెర పోసి, అరటాకు మూత కట్టి, దానిపై కర్పూరము వెలిగించి అళగరునకు చూపిరి. పిదప ఆ చక్కెరను ప్రక్కవారికి పంచిరి. పందిళ్ళలో పానకమును, చల్లయు అడిగినవారికెల్ల పోయుచుండిరి. దారులు వేయించి సత్రములు కట్టించిన రాణి మంగమ్మ పేరిటి సత్రము మదుర రైలుస్టేషను ఎదుటనే కలదు. ఆకలిగొన్న బాటసారికి అన్నము పెట్టుట ఈ సీమలో పాత వాడుక. ఇంటికి వచ్చిన పిమ్మట అవ్వ పానకమును, చల్లను, చక్కెరను ‘కొననివి’ అను శీర్షిక క్రిందనే వ్రాసెను.

ఎడమప్రక్క తిరునాళ్ళ ఖర్చు మూడు పంక్తులు. బొరుగులు, తాటిముంజలు, పత్తిపాలు. ఈ మూడింటికిని డబ్బు ఆ కొబ్బరిచిప్పలోని నయాపైసలనుండియే వచ్చెను. సంతలో ఒక్కొక్కటిగా మిగిలినవి తిరునాళ్ళలో మా పిల్లల నోటికి అందినవి.

పత్తిపాలను గూర్చి ఒక మాట. ఇది మదురలో ప్రసిద్ధమైన పానీయము. ప్రత్తిగింజలను రాత్రి నానబెట్టి, రుబ్బి, పిండి, పాలు తీయుదురు. దానిలో బియ్యపుపిండియు, కరుప్పట్టియు, శొంఠియు, ఏలకులును చేర్చి చిక్కగా కాచుదురు. ప్రత్తి దూదిగా మిల్లునకు పోవును. గింజ ఎద్దునకు దాణా యగును. ఆ గింజయే రుబ్బినచో మనుష్యునకు పాలగును. తిరునాళ్ళలో అవ్వ మాకు మిఠాయి కొనిపెట్టలేదు. ఇది మాత్రము అడుగకయే కొనిపెట్టెను. ‘మన చేలో పుట్టినదే గదా’ అనెను. అమ్మువాడు ‘పరుత్తిప్పాల్’ అని కేకవేయుచుండెను. పద్దులో అవ్వ ‘పత్తిపాలు’ అని వ్రాసెను. కొన్నదానికి ఆమె తెలుగుపేరు పెట్టిన పద్దు ఆ వారమున ఇది యొక్కటే.

కోయంబత్తూరు

నేను పదునెనిమిదేండ్లవాడనై చదువునకు కోయంబత్తూరు పోయి పీళమేడులో మా మేనత్త యింట నుంటిని. మామ మిల్లు పనివాడు. ఆ నగరము వృద్ధిపొందుటలో మన తెలుగువారి పాలు అందరెఱిగినదే. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించిరి. 1930 తరువాత పైకారా విద్యుచ్ఛక్తి వచ్చెను. 1937లో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరముగారు విద్యుత్ మోటారును స్వదేశముననే తయారుచేసిరి. కవలైతో, అనగా మన కపిలితో, ఎద్దులు తోడిన బావినీరు మోటారుతో పైకి వచ్చినది, మెట్టచేలు తోటలైనవి. 1912లో ఆ నగరమున నెలకొన్న చెఱకు పరిశోధన కేంద్రమునుండి ‘కో’ అను పేరుతో వెలువడిన వంగడములు దేశమంతట వ్యాపించినవి. మన బెల్లపు ముక్కలోను కోయంబత్తూరు పేరు కలదన్నమాట. చుట్టుప్రక్కల సేద్యము ఎంత గౌరవముతో చూడబడెడిదో పేరూరు ఉత్సవము చెప్పును. అక్కడ ఆని మాసమున పట్టీశ్వరుడు, అమ్మవారు పొలములో నాట్లు వేసిన కథను ‘నాట్రు నడవు’ అను పేరుతో జరుపుదురు. ఆ గుడిలోని కనకసభను కట్టించినవాడు మదుర నాయకుల వంశపు అళగాద్రి నాయకుడు.

ఇంత పచ్చని సీమలో మా అత్తయింటికి పెరడు లేదు. మిల్లు పనివారి వరుసయిండ్లలో అదియొకటి. వెనుక జానెడు చోటు, అందొక తొట్టి. ఆమె పద్దు పుస్తకమున నిలువుగీత లేదు. అన్నియు కొన్నవే. నెలజీతము వచ్చిన దినమున మళిగై కొట్టులో చిట్టా. వారమునకు రెండుసార్లు కాయగూరల బజారు. అత్త అవ్వకు తగిన కూతురే. ఆమె పొదుపునకు లోటులేదు. కాని బీర కొన్నది గనుక ‘పీర్కంగాయ్’ అయినది. చిక్కుడు ‘అవరైక్కాయ్’ అయినది. పదేండ్ల క్రిందట అవ్వ ఎడమప్రక్క మాత్రమే ఉన్న తమిళము ఇక్కడ పుటనంతయు ఆక్రమించినది.

1967లో అణ్ణాదురైగారి ప్రభుత్వము రూపాయికి ఒక పడి బియ్యము ఇచ్చు పథకమును మద్రాసు, కోయంబత్తూరు నగరములలో ఆరంభించినది. 1958 అక్టోబరు మొదలు మెట్రిక్ తూకములు దశలవారిగా వచ్చి, కిలోగ్రాము వాడుకైనను, ప్రజలకు చేసిన వాగ్దానము పడిలోనే చేయబడెను. జనుల మనస్సులో కొలత అంత సులభముగా మారదు. నేనును సంచి పట్టుకొని ఆ వరుసలో నిలిచితిని. ఆ దినమున అత్త ముఖములోని సంతోషము నేను మరువలేదు. పేదయింట ప్రతిదినము అన్నము వండుట చిన్న సంగతి కాదు. దానిని తప్పుపట్టువాడు ఆకలి యెఱుగనివాడు. కాని దానితో సజ్జ యింటినుండి వెడలెను. సజ్జతో సంగటి, సంగటితో తెడ్డు, అంబలితో ముంత, రోకలిపాట, ఇవన్నియు ఒకదాని వెనుక ఒకటిగా పోయినవి. వస్తువు పోయినపుడు పేరును నిలుపుట ఎవరితరము?

కొసరు

1999లో రెండు రాష్ట్రములలో రెండు బజారులు తెరవబడినవి. జనవరి 26న ఆంధ్రప్రదేశమున రైతు బజారులు. నవంబరు 14న మదురలో మొదటి ఉళవర్ సందై. రైతు తన పంటను తానే అమ్ముకొను ఏర్పాటు రెండింటను ఒక్కటే. సందై యన్నను సంత యన్నను ఒక్కటే.

మదుర అణ్ణానగరు ఉళవర్ సందైకి నేను ఆ యేట పోయితిని. ఒక వృద్ధురాలు బీరకాయలు ముందు పోసికొని కూర్చుండియుండెను. నేను తమిళమున ధర యడిగితిని. ఆమె తమిళముననే చెప్పెను. కాయలు తూచి, వెనుకనున్న కోడలి వైపు తిరిగి, ‘ఆ లేత బీరకాయలు ఇట్ల పెట్టే’ అనెను. నా చేయి సంచిలోనే ఆగిపోయినది. ‘అమ్మా, మీదేవూరు?’ అంటిని. ఆమె నన్ను ఎగాదిగ చూచి, ఊరు చెప్పక, ‘నాయనా, మనవాళ్ళా నువ్వు!’ అని మరియొక కాయ సంచిలో వేసెను. ‘ఇది కొసరు’ అనెను. కొసరు అను మాట తమిళులకును తెలియును. ఆ దినము మాత్రము అది నాకు మాతృభాషయందే వినబడెను.

ఆమె పండించినది గనుక ఆ కాయకు ఆమెయొద్ద పేరు నిలిచినది. నేను కొన్నవాడను గనుక నాయొద్ద మారినది. అవ్వ పుస్తకములోని నిలువుగీత మా యిద్దరి నడుమ నిలిచినట్లు నాకు తోచెను.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్‌గారి ఇంటిభాష తెలుగు. ఆయన తమిళమున వ్రాసి, మన పూర్వుల వలసకథను 1976లో ‘గోపల్ల గ్రామము’ అను నవలగా చెప్పిరి. 1991లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము పొందిరి. ఆయన చేసిన మరియొక గొప్ప పని నల్లరేగడి సీమ పల్లెవారు పలుకు తమిళపు మాటలను ఏర్చి నిఘంటువుగా కూర్చుట. మనవాడొకడు పొరుగుభాష మాటలను ఇంత ప్రేమతో కాపాడెను. అది మనకు గౌరవము. మన వంటయింటి మాటలకు అట్టి కూర్పు మనమే చేసికొనవలదా? దానికి పండితుడు రానక్కరలేదు. ఇంటిలో పెద్దవారున్నవారు ఈ వారమే ఒక కాగితము తీసి, నడుమ నిలువుగీత గీసి, ఎడమప్రక్క నేడు మనము కొను పేర్లను, కుడిప్రక్క అవ్వ, అమ్మమ్మ పలికిన పేర్లను వ్రాసిన చాలును. లిపి ఏదైనను సరియే. మన సంఘములు వానిని చేర్చి ఉంచవలయును. తొట్టిలోనైనను ఒక తీగను పెంచి, దానిని తెలుగుపేరుతో పిలిచిన ఇంకను మేలు.

తిరునాళ్ళనుండి తిరిగివచ్చిన రాత్రి అవ్వ దీపము దగ్గర కూర్చుండి పద్దు ముగించెను. ఆ తిరునాళ్ళకు కోయంబత్తూరునుండి అత్తయు వచ్చియుండెను. మరునాడు ఆమె ప్రయాణము. ఆ వారపు చివరి పంక్తి కుడిప్రక్కన, ‘కొననివి’ అను శీర్షిక క్రింద, ఇట్లున్నది: చిక్కుడు విత్తులు ఒక గుప్పెడు, కోయంబత్తూరు పిల్లకు.

అత్త ఆ విత్తులను తొట్టిలో నాటెనట. తీగ వరుసయింటి కప్పునకు ప్రాకి రెండేండ్లు కాచెనట. ఆ రెండేండ్లును ఆ యింట చిక్కుడు చిక్కుడుగానే యుండెనని మా అత్త పిల్లలు నేటికిని చెప్పుచుందురు.